నోరు చివర్న వెయ్యాలి

గార దాటాక బస్సులోకి ఉప్పు వాసన ఎక్కుతుంది.
నా సంచిలో నాలుగు ఎనామిల్ డబ్బాలు,
రెండు ఉడత వెంట్రుకల కుంచెలు,
టర్పెంటైను సీసా, పొట్లం కట్టించుకున్న ఉప్మా.

వాసుపల్లి ఎర్రన్న కొత్త ఫైబరు పడవ
బందరువానిపేట ఇసకలో ఓ పక్కకి ఒరిగి ఉంది.
ఇంకా ఉప్పునీళ్ళు తాగలేదు.
ఫోను తీసి చూపించాడు:
"ఇలాటి పిల్ల కావాల."
పసుప్పచ్చ జుట్టు, నడుం కింద చేప,
రాయి మీద కూచుని నోరు తెరిచి పాడుతోంది.
ఏ సముద్రానిదో మరి,
మన ఎండకి అరగంటలో కమిలిపోయే ఒళ్ళు.

తోక దగ్గర మొదలెట్టాను.
పొలుసు పొలుసుకీ ఆకుపచ్చ, అంచుకి వెండి.
నెత్తళ్ళు ఎండేసే గురువులమ్మ
గంప దించి నా వెనక నిలబడింది.
ఇంటిపేరు మూగి.
మొదలెడితే కెరటమే నయం, అది మధ్యలో ఊపిరి తీసుకుంటుంది.

"తోకేటి బావూ దానికి?
తోకున్నదయితే ఈపాటికి వలేసి పట్టీసీవోరు మావోలు,
కిలో ఇంతని బేరం ఆడీసీవోరు.
నీలాల పిల్లకి కాళ్ళే.
తడి అడుగులు గుమ్మం దాకా వత్తాయి,
ఎనక్కెల్లిన అడుగులుండవు.
పాటా? పాటేటి!
అది పేరెట్టి పిలుత్తాది.
మీ యమ్మ గొంతుకతోటే,
అన్నానికి పిలిసినట్టు.
ఒకపాలికి పలక్కు. రెండోపాలికీ పలక్కు.
మూడోపాలి పిలిసిందంటే మనిసే.
దానికి మూడు లెక్కెట్టడం రాదు."

గంప నెత్తికెత్తుకుంటూ,
"మా గుంటడు రెండుకే పలికీసినాడు" అంది.
నాతో కాదు. పడవతో.

పసుప్పచ్చ జుట్టు తుడిచేశాను.
తోక గీకేసి కాళ్ళు వేస్తుంటే ఎర్రన్న గింజుకున్నాడు:
"సముద్రప్పిల్లని ఎలా తెలుత్తాది?"
"పాదాలు తడిగా వేస్తాను."
"తడికి రంగేటి?"
నిజమే. తడికి రంగు లేదు.
కింద ఉన్న ఇసకనే కాస్త ముదరగా వేస్తే
అదే తడి.
పాతికేళ్ళుగా బోర్డులు రాస్తున్నాను,
ఆ సంగతి ఆవేళే తెలిసింది.

మధ్యాహ్నం తుపాను షెల్టరు మీద సైరను మోగింది.
పరీక్షకట, నెలకోసారి.
టీకొట్టు దగ్గర పొన్నాడ మేష్టారు చెప్పారు:
సైరనంటే అసలు ఆడదాని పేరు,
ఏదో గ్రీకు దేశపు కథలో,
రాళ్ళ మీంచి పిలిచి ఓడల్ని ముంచేదట.
పాత కుండల మీద ఆవిడది పిట్ట ఒళ్ళేనట.
చేపతోక ఆ తర్వాత ఎవరో తగిలించారట.
నాలాంటి పెయింటరే అయ్యుంటాడు,
గిరాకీ ఏదడిగితే అది వేసి
సాయంత్రానికి ఇల్లు చేరేవాడు.

"మా సైరను వొడ్డుకి రమ్మంటాది కదండీ"
అన్నాడు ఎర్రన్న, గ్లాసు కడుగుతూ.

మూడుసార్లు మోగింది.
ఎండు చేపల మధ్య గురువులమ్మ
వేళ్ళు ముడుస్తూ నిలబడింది.
మూడో వేలు ముడిచాక
కాసేపు అలాగే ఉండి
నెత్తళ్ళు తిరగెయ్యడానికి వంగింది.

పొద్దు వాలేసరికి అంతా అయింది,
నోరు తప్ప.
తెరిచి వేస్తే ఎవర్ని పిలుస్తుందో.
మూసి వేస్తే ఆ పిల్లాడి పేరు
లోపలే ఉండిపోతుంది.
"ఎల్లుండి వచ్చి వేస్తాను" అన్నాను.
ఎర్రన్న డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు,
నోటికని రెండొందలు ఆపుకున్నాడు.

ఎల్లుండి వెళ్ళేసరికి పడవ ఒడ్డున లేదు.
వంజరం పడుతోందని చీకటితోనే దించేశారట.
లైటుహౌసు కింద నిలబడి చూశాను,
ఏ చుక్క మనదో తెలియలేదు.
ఎర్రరంగు డబ్బా మూత తియ్యకుండానే
వెనక్కి మోసుకొచ్చాను.

రాత్రి వంటింట్లోంచి మా ఆవిడ
అన్నానికి పిలిచింది.
పలకలేదు.
మళ్ళీ పిలిచింది.
పలకలేదు.
మూడోసారి పేరుతో పాటు
గరిటెతో కంచం మీద కొట్టింది.

అప్పుడు లేచాను.