జేబు లోతు

అసాహికావాలో జనవరి.
కుట్టుమిషను నూనె కూడా గడ్డకట్టే ఉదయం.
స్టవ్ మీద కెటిల్ గొణుగుతోంది,
నేను గుండీలు ఏరుతున్నాను.
నలభై ఒక్క ఏళ్ళుగా బడిపిల్లలకి బట్టలు కుడుతున్నదాన్ని,
ఎవరి భుజం ఎటు వాలిందో
తల్లుల కన్నా ముందు నాకు తెలుస్తుంది.

తలుపు తోసుకుని చిగుసా వచ్చింది,
గుమ్మంలోనే మంచు దులుపుకుంటూ.
స్కర్టు కింద మోకాళ్ళు
ఉడికిన పీత డిప్పల్లా ఎర్రగా.
"ఫుమియే సాన్, నాకు ప్యాంటు కుడతారా?"
అని, వెంటనే, అప్పు అడిగినట్టు
"డబ్బులు దాచుకున్నాను" అంది.

బడివాళ్ళ ఆర్డరు కాగితం తీశాను.
అబ్బాయి గడిలో ప్యాంటు.
అమ్మాయి గడిలో స్కర్టు,
మోకాలికి ఐదు సెంటీమీటర్లు కింద.
కాగితానికి చలి వెయ్యదు కదా.
ప్యాంటే కావాలంటే డాక్టరు చీటీ తేవాలట.
ఏం జబ్బని రాస్తాడు పాపం,
మోకాళ్ళు ఉన్నాయనా?

నేనూ ఆ స్కర్టులోనే నడిచాను
ఇషికారి వంతెన మీద,
గాలి నన్ను కింది నుంచి పైకి చదువుతుంటే.
స్కేలు పట్టుకుని మా టీచరు
మోకాళ్ళ దగ్గర కూర్చునేది.
ఊపిరి పీలిస్తే అంచు లేస్తుందని
బిగబట్టుకుని నిలబడేవాళ్ళం.
తరవాత్తరవాత టేపు నా చేతికొచ్చింది.
ఎన్ని వందల అంచులు మడిచానో!
ఎందుకని ఒక్కసారీ అడగలేదు.
కూలి చేతిలో పడింది,
నోటికి కుట్టు పడింది.

జేబుల సంగతి కూడా చెప్పాలి.
అబ్బాయి జేబులో నా చెయ్యి మణికట్టు దాకా పోతుంది:
బంతి, సగం తిన్న రొట్టె,
ఏమీ లేకపోతే చలికి వణికే పిడికిలి.
అమ్మాయి జేబులో రుమాలు పడుతుంది.
అదీ మడిస్తే.
ఆ నమూనా గీసిందెవరో నాకు తెలీదు.
కత్తిరించింది మాత్రం నేనే.

"నిలబడు" అన్నాను.
టేపు నడుముకి చుట్టాను.
అరవై మూడు.
టేపు ఆ అంకె చెప్పి ఊరుకుంది,
ఇంకేమీ అనలేదు.
చిగుసా ఊపిరి బిగబట్టింది.
"వదులు. వదిలాకే సరైన కొలత."

కాగితం మీద రెండు గడుల మధ్య
సన్నటి సందు ఉంది.
అందులో ఇరికించి రాశాను: ప్యాంటు, ఒకటి.
జేబులు, మణికట్టు దాకా.

మొదటి వారం ఆ పిల్లని గేటు దగ్గర ఆపారని విన్నాను.
రెండో వారం గేటు దగ్గర నలుగురున్నారట.
నా దగ్గర నీలం ఉన్నిగుడ్డ అయిపోయింది.

నిన్న సాయంత్రం బేస్‌బాల్ కుర్రాడు తోకిహారు
షట్టరు దించే వేళ దాకా బయటే తచ్చాడి
లోపలికొచ్చాడు.
నల్లకోటు బల్ల మీద పరిచి, గొంతు తగ్గించి,
"లోపల అస్తరు... పూలది వెయ్యొచ్చా?
ఎవరికీ కనబడదు కదా."

అటక మీద నుంచి మా అమ్మ పాత కిమోనో ముక్క తీశాను,
ఊదారంగు పూల పట్టు.
"కనబడకుండానే వెయ్యమంటావా,
కాలరు దగ్గర కాస్త బయటికి రానివ్వనా?"

చాలాసేపు ఆలోచించాడు.
కెటిల్ కూడా గొణగడం మానేసింది.
సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను,
తొందరపెట్టలేదు.