మనవాడు

సిరిపురంలో ఏడో అంతస్తు.
అద్దాలకవతల సముద్రం,
ఇవతల ఇతరుల డబ్బు.
నా మెడలో ట్యాగు నారింజ రంగు,
మిగతా అందరివీ నీలం.
'కొత్త దారులు' పథకంలో వచ్చిన ఆరుగురికీ
నారింజే ఇచ్చారు,
క్యాంటీన్లో కూడా దూరం నుంచే తెలిసేలా.

నాలుగు రాతపరీక్షలు, మూడు ఇంటర్వ్యూలు,
ఏడాది సగం జీతం, రెండేళ్ళ బాండు.
చివర్లో ఒకాయన అడిగాడు,
అగనంపూడి నుంచి రోజూ రాగలవా అమ్మా అని.
రాగలనండీ అన్నాను.
కాకినాడ నుంచి అని అడిగినా అదే అనేదాన్ని.

హర్షిల్ వచ్చింది ఒక ఆదివారం భోజనంలోంచి.
బీచ్ రోడ్డు క్లబ్బులో వాళ్ళ తాతగారూ మా డైరెక్టరూ
రొయ్యల వేపుడు ముందు మాట్లాడుకున్నారట.
సోమవారానికి కిటికీ పక్కన కుర్చీ పడింది.
"పాత చైర్మన్ గారి మనవడు" అని
మొదటిరోజు పరిచయం చేశారు భానోజీ గారు.
వారం తిరిగేసరికి "మనవాడే" అన్నారు.
ఒక్క దీర్ఘం.
రెండేళ్ళయినా మా ఆరుగురిలో ఎవరికీ పడలేదది.

చెడ్డవాడు కాడు. అదీ చెప్పాలి.
పుట్టినరోజున లిఫ్టు అప్పలస్వామికి కూడా కేకు పంపాడు.
ఎవరిదో అప్పును ఆదాయంలో కలిపేసిన రోజు
తనే నవ్వుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చాడు.
దిద్దిపెట్టాను. మీటింగుకి అతని పేరుతో వెళ్ళింది.
తర్వాతి నెల నేనొక సున్నా జారవిడిస్తే
"పథకం పిల్లలు కదా" అన్నారెవరో, మెల్లిగా.
అతని తప్పు అతనొక్కడిదే.
నా తప్పులో ఇంకో ఐదుగురికి వాటా.

ఒకసారి టీ దగ్గర అడిగాడు, నిజంగానే తెలియక:
"నీకూ నాకూ తేడా ఏముంది వేణీ?
నిన్ను పథకం తెచ్చింది, నన్ను తాతయ్య తెచ్చాడు.
ఇద్దరం పక్కదారినే వచ్చాం."
మా తాతకీ ఒక పథకం ఉండేది, అన్నాను.
"ఓ, గ్రేట్" అంటూ ఫోను చూసుకున్నాడు.

ఉక్కు ఫ్యాక్టరీకి రెండెకరాల జీడితోట ఇచ్చి
గొంప సన్నయ్య ఆర్ కార్డు తెచ్చుకున్నాడు,
ఇంటికో ఉద్యోగమని.
కార్డు మీద ఊదారంగు వేలిముద్ర.
వరస వచ్చేలోపు వయసు దాటింది.
నాన్న దాకా వచ్చేలోపు వరసే లేకుండా పోయింది.
మేం వరసలో నిలబడ్డాం,
మీవాళ్ళు వరస కలుపుకున్నారు,
తేడా అదీ, అందామనుకున్నాను.
అతను అప్పటికే లిఫ్టులో ఉన్నాడు.

ఈ ఏడు నా ట్యాగు నీలమైంది.
ఎంపిక కమిటీలో మూడో కుర్చీ.
నిన్న రాత్రి అమ్మ ఫోను:
"మన రావులమ్మ కొడుకు మీ ఆఫీసులోన కాయితం ఎట్టినాడటే.
కుసింత సూడు. ఎవుడో కాదు, మనోడే."

మనోడే.
ఆ మాట ఇంత తియ్యగా ఉంటుందని
ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదు.
భానోజీ గారి మీద దాచుకున్న కోపం
ఎక్కడ పెట్టానో కాసేపు కనబడలేదు.

పొద్దున ఫైల్లో నలభై ఒక్క దరఖాస్తులు.
వాడిది పదిహేడోది.
మార్కులు గొప్పవేం కావు, తీసెయ్యాల్సినవీ కావు.
సాయంత్రాలు కూర్మన్నపాలెంలో
ఎవరికో చిట్టీల లెక్కలు రాస్తాడు,
పైసా తేడా రానివ్వడు.
అది కాగితంలో లేదు. నాకు తెలుసు, అంతే.
తెలిసుండడమే కదా సిఫార్సంటే?
మిగతా నలభై మందీ సాయంత్రాలు ఏం చేస్తారో
నాకు చెప్పడానికి ఏ అమ్మా ఫోను చెయ్యలేదు.

పేరు మీద బొటనవేలు పెట్టి
మళ్ళీ మొదటినుంచి చదువుతున్నాను.
హార్బరు వైపు ఏదో ఓడ కూసింది.
పద్దెనిమిదోది తియ్యాలి.
వేలు ఇంకా అక్కడే ఉంది.