సమాధానం

మాకు పేపరు కప్పుల్లో ఇచ్చారు టీ.
వాళ్ళకి గాజు గ్లాసుల్లో.
తహసీల్దారాఫీసు వెనక గదిలో
ఫ్యాను కింద శాంతి కమిటీ.

మా మామ శవాన్ని ఆపిన మూడో వారం అది.
పాలేటి ఒడ్డున మా సమాధులకి పోయే దారి
సగం రొయ్యల గుంటలో కలిసింది,
మిగిలిన సగానికి చిల్లకంప వేశారు.
నలుగురి భుజాల మీద పెట్టె,
ముందు నేను పట్టుకున్న చెక్క సిలువ,
ఎదురుగా ఏరియేటర్లు నీళ్ళు చిలకతా ఉన్నాయి.
"మీ శవం ఇటు పోతే రొయ్యకి తెగులొస్తది" అన్నాడు
గుంట యజమాని. పేరు రాయను,
రాస్తే ఈ కవిత అతనిదవుద్ది.

మూడు గంటలు మోశాం ఎండలో.
భుజాలు మార్చుకున్నాం గానీ దించలా.
దించితే అక్కడే పూడ్చమంటారని
మా మరిది జెకర్యా భయం.
చివరికి పోటెక్కిన ఏట్లో రొమ్ము లోతున దిగి
చుట్టు తిరిగి తీసకపోయాం నోవహు తాతని.
పేరుకి తగ్గట్టు నీళ్ళ మీదే పోయాడు మహానుభావుడని
ఆ ఏడుపులోనే మా అత్త నవ్వింది.

ఎస్సై కాయితం తిరగేశాడు.
"చర్చికి పోతారు గదా,
మరి ఆ కేసు మీకెట్టా వర్తిస్తది?"
కంప వేసేప్పుడు అతనికి మా కులం గుర్తుంది.
కాయితం రాసేప్పుడు వీళ్ళకి మా మతం గుర్తొచ్చింది.
రేషన్ కార్డులో మామ పోలయ్య,
గుడి రిజిస్టర్లో నోవహు.
కంప ముందు మటుకు
ఆ రెండు పేర్లూ అక్కర్లేని ఒకే ఒక్క మాట.

"శాంతిగా పోదాం" అన్నాడు ప్రెసిడెంటు.
"రెండో చెంప చూపమనే గదా మీ దేవుడు చెప్పింది."
మా దేవుడి మాటల్లో ఆ ఒక్కటి
బో చక్కగా నోటికొచ్చు వాళ్ళకి.
సంతకం పెడితే దారి సంగతి తర్వాత చూస్తారంట.
తర్వాత అనే ఊరికి
మా తాతల కాలం నించీ బస్సు లేదు.

పాస్టరు గారు పెన్ను మూత తీశారు.
ఆయనకి గుడి గోడ భయం, కరెంటు మీటరు భయం,
కొడుకు కాంట్రాక్టు ఉద్యోగం భయం.
నేనాయన్ని తప్పు పట్టను.
నా భయాన్నీ కొంగున ముడేసుకునే వచ్చా.

ముందు రోజు రాత్రి మా కెజియా
గడప మీద కూచుని పాత పరీక్ష పేపరు చదవతా ఉంది:
కింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము.
పొయ్యి కాడ నా చెయ్యి ఆగింది.
ప్రతి ఆదివారం చేతులు కలిపి
ఒకరికొకరం చెప్పుకునే మాట అది.
మా ఇంటి మీద నీలం రంగుతో రాయించుకున్న మాట.
దేవుడిచ్చే నెమ్మదికీ
పిల్ల రాసే జవాబుకీ
ఒకటే మాట పెట్టిందెవరో గానీ,
ఆ మనిషి ఎప్పుడో ఒకసారి
శవాన్ని మోసుకుని మా దారిన వచ్చుంటాడు.

అందుకని లేచా.
పేపరు కప్పు తాగకుండా బల్ల మీద పెట్టా.
"అయ్యా, ఒక ప్రశ్న.
రేపు నేను పోతే
నన్నెటు తీసకపోతారు?"

ఫ్యాను తిరగతానే ఉంది.
ఎవరూ పలకలా.
ఆ పలక్కపోవడాన్నే ఇన్నేళ్ళూ మా ఊళ్ళో
శాంతి అంటా ఉన్నారు.

పాస్టరు గారు పెన్నుకి మూత పెట్టారు.
మెల్లిగానే. అయినా ఆ చప్పుడు అందరికీ వినపడింది.

కేసు ఒంగోల్లో ఉంది.
వాయిదాకి పోయిన రోజల్లా
టంగుటూర్లో పొగాకు గ్రేడింగు కూలి పోద్ది.
కంప అట్టానే ఉంది, వానలకి కాస్త చివికింది.

మొన్న ఏరియేటరు బాగుచేయించడానికి
గుంట యజమాని మనవడొచ్చాడు, పదహారేళ్ళుంటాయేమో.
వాడి పేరు రాస్తా, మోహిత్.
కంపకి అవతల నిలబడి, ఎవరన్నా చూస్తన్నారేమోనని
అటూ ఇటూ చూసి అడిగాడు:
"ఆంటీ, ఆరోజు తాతని యాడ దించారు?"

చేతిలో కట్టెల మోపు కింద పెట్టి
ఏటి అవతలకి చూపించా.
వాడు చాలాసేపు అటే చూశాడు.