విడిందా, విరిగిందా

సత్తిపండు గారి ఇండికా
గుంటలో దిగినప్పుడల్లా
ఎడమ ముందు చక్రం దగ్గర దగ్గుతోందట.
ఆయన రొయ్యల మేత ఏజెంటు.
తొమ్మిదేళ్ళుగా ఆ బండికి చెరువు గట్లే రోడ్లు.
సఖినేటిపల్లి రేవులో పంటెక్కి దిగిన ప్రతిసారీ
పోటునీళ్ళతో కాళ్ళు కడుక్కుంటుంది.
"బుష్షులే కదా, మధ్యాహ్నానికి అయిపోద్దా?"
ఆయ్, అన్నాను.
అబద్ధమని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

జాకీ మీద లేపి చూస్తే
లోయర్ ఆర్మ్ బోల్టు బోల్టులా లేదు.
తలేదో నట్టేదో తెలీకుండా
ముదురుపాకం గడ్డకట్టినట్టు
ఎర్రగా ఒకటే ముద్ద.
పంతొమ్మిదో నంబరు పానా దాని మీద కూర్చోదు.

వైరు బ్రష్షుతో గీకాను.
దానియేలు కొబ్బరిచిప్పలో
సగం డీజిలు, సగం బ్రేకాయిలు కలిపి తెచ్చాడు.
కోడి ఈకతో మరల వెంబడి రాశాం.
"ఇప్పుడు కొడదామా అన్నా?"
"ఇప్పుడు టీ తాగుదాం."
మళ్ళీ రాశాం. మళ్ళీ టీ.
లోపలికి పోడానికి తుప్పుకి తొమ్మిదేళ్ళు పట్టింది,
నూనెకి ఒక్క రాత్రైనా ఇవ్వద్దూ.

ఆ రాత్రి నిద్ర సరిగా లేదు.
కాలవ అవతల ఏరేటర్లు నీళ్ళని చితక్కొడుతున్నాయి.
అటునించొచ్చే గాలే
మా గేటు గడియనీ, మా ఆవిడ కుట్టుమిషన్నీ
చీకట్లో మెల్లిగా నాకుతోంది.

"విప్పాలంటే ముందు బిగించరా" అనేవాడు
నర్సాపురంలో గఫూర్ మేస్త్రి.
పదిహేనేళ్ళప్పుడు అది వేళాకోళం అనుకున్నాను.
మూడు బోల్టులు విరగ్గొట్టి
మూడు జీతాలు పోగొట్టుకున్నాక
సరిగ్గా వినపడింది.
వెంట్రుకవాసి బిగుతు వైపు.
అక్కడ తుప్పు ఒక్కసారి తడబడుతుంది.
అప్పుడు వెనక్కి. మళ్ళీ కాస్త ముందుకి.

పొద్దున్నే గ్యాసు మంట పెట్టాం.
రబ్బరు కాలిన కంపు.
నట్టు ఎర్రబడ్డాక
దానియేలు కొవ్వొత్తి ఆనించాడు,
వాళ్ళ చర్చిలో మిగిలిన ముక్కట.
మైనం మరల్లోకి దారి తెలిసినట్టు జారుకుంది.
పానాకి మూడడుగుల బోరు పైపు తొడిగి
కాళ్ళు గోడకి తన్నిపెట్టి లాగాను.

టప్.

ఆ చప్పుడుకి రెండర్థాలు.
అరక్షణం పాటు ఎవరికీ తెలీదు,
విడిందా,
విరిగిందా.
చేతిలో పైపు తేలికైపోయింది.
రెండింటికీ అదే తేలిక.
సత్తిపండు గారు ఫోనులో
మేత రేటు చెప్తూ చెప్తూ ఆగిపోయారు.

మెల్లిగా ఇంకో చుట్టు తిప్పాను.
కిర్రుమంది.
కిర్రుమంటే ప్రాణం ఉన్నట్టు.
దానియేలు ఈల వేశాడు.

వెనక బోల్టు మాత్రం విరిగింది.
అదే నూనె, అదే మంట, అదే మైనం,
అదే గఫూర్ మేస్త్రి మాట.
ఎందుకని అడక్కండి.
బుష్షు గొట్టమూ అదీ ఒకే ఇనుమైపోయాయి.
హాక్సా బ్లేడుకి గుడ్డ చుట్టుకుని
రెండు బ్లేడులు అరిగేదాకా కోశాం.
నా వేలి కణుపు మీద తోలు లేచింది,
బ్రేకాయిలు తగిలి సాయంత్రందాకా మండింది.

కొత్త బోల్టుకి దానియేలు
పిసరంత గ్రీజు రాస్తున్నాడు.
"ముద్దగా పెట్టరా."
"లోపల ఎవరికి కనపడుద్దన్నా?"
"విప్పేవాడికి."
వాడు నా వేలు వైపు చూశాడు.
డబ్బాలోంచి ఇంకో వేలెడు తీశాడు.

సత్తిపండు గారు డబ్బులిచ్చారు,
యాభై తక్కువ.
బండి మా షెడ్డు ముందు గుంటలో దిగింది, లేచింది,
దగ్గలేదు.
అటునించటే రేవు వైపు తిరిగింది.
పోటు మొదలయ్యే వేళ.