కొమ్ము లేని గ

మా రాళ్లగూడెంల స్తూపం మొదట నాపరాయిదే.
మూడో నంబరు గుంతల తీసిన రాయి.
ఎద్దుల బండి మీద పండుకొని వచ్చింది,
కింద జొన్నచొప్ప పరిచి
బాలింతను తెచ్చినట్టు తెచ్చిండ్రట.

పదకొండు పేర్లు.
చెక్కింది మా సాయిలు తాత.
తాతకు అక్షరం ముక్క రాదు.
పంతులు సుద్దతో గీసిన గీతను
గీత లెక్కనే తొలుచుకుంట పోయిండు.
నాలుగో వరుసల ఉన్నది సొంత అన్న పేరని
పంతులు చెప్తే తెలిసింది.
చెప్పినంక ఉలి ఆగిందట,
నోట్లె చుట్ట ఆరిపోయేటంత సేపు.

ఆగిన కాడనో, సుద్ద చెరిగిన కాడనో
ఓర్సు గురవయ్య
ఓర్సు గరవయ్య అయిండు.

ఆ తప్పు మొదలు చదివింది నేనే,
రెండో తరగతిల, జెండా పండుగ నాడు,
అందరు వినేటట్టు.
తాత కొట్టలే. నవ్విండు.
"మిలట్రీ వచ్చిన రాత్రి
మీ పెద్దతాత ఒంటి చెప్పుతోటే ఉరికిండురా.
పేరుకు గూడ ఒకటి తక్కువైతేంది."

పెద్దతాత పెండ్లాం ఈదమ్మ నాయినమ్మకు
చదువుతో పని లేకుండె.
యేటా ఒక సజ్జకంకి పట్టుకొని పోయి
పైనుంచి వరుసలు వేలితో లెక్కపెట్టేది.
నాలుగోది. ఇంటిపేరు దాటినంక
కుడిపక్క తోక లేక వేలు ఆగిపోయే చోటు,
అదే ఆయన.

గుంతలు మూతబడ్డయి. సైరన్ కూత ఆగింది.
కంపెనీ క్వార్టర్ల తలుపులు ఎవరో పీక్కపోయిండ్రు.
మూడో నంబరుల ఇప్పుడు పచ్చటి నీళ్లు.
ఆ నీళ్ల అడుగున
మా నాయిన నిలబడ్డ మెట్టున్నది.
తూటా ముందే పేలిందన్నరు.
కంపెనీ రిజిస్టర్ల "కూలి, ఒకడు" అని రాసిండ్రు.
గుంతల పోయినోళ్లకు స్తూపం ఎవరు కడ్తరు.

పోయినేడు స్తూపానికి గ్రానైట్ అతికించిండ్రు.
నల్లగ, మొకం కనవడేటట్టు,
మిషన్ అక్షరాలు, బంగారు రంగు.
ఎవరో మంచి మనిషి తప్పు దిద్దిండు.
గురవయ్య. కొమ్ముతో సహా.

ఈదమ్మ నాయినమ్మ కండ్లకు పొర.
కిందికీ మీదికీ తడిమింది,
నున్నటి రాయి మీద వేలు జారింది.
"ఈ మనిషిని యాడికి కొంచవోయిండ్రురా?"

పాత బండ దామరచర్ల రోడ్డు మీద
టీ కొట్టు ముందట, గిలాసలు కడిగే కాడ,
బోర్ల పడి ఉన్నది.
నాలుగు వందలు అడిగి మూడు వందలకిచ్చిండు.
ఆటోల ఏసుకొచ్చి గోడకు ఆనిచ్చిన.
ఆమె వేలు పోయి పోయి
తోక లేని కాడ ఆగింది.
చానసేపు తియ్యలే.

తర్వాత బండ వెనుకకు చెయ్యి పోనిచ్చింది.
"ఇటు దిక్కు వట్టిగనే ఉన్నది గదరా.
మీ నాయిన పేరు ఏసెయ్యి.
నీకు అక్షరాలొచ్చునాయె."

వచ్చు.
తాత ఉలి అటక మీద ఉన్నది,
దాన్ని దించక ఇరవై ఏండ్లు.
నాకు పట్టుడు రాదు.

బిడ్డ బడి సంచిల సుద్దముక్క దొరికితే రాసిన,
ఒత్తులూ కొమ్ములూ చూసుకుంట.
ఆమె తడిమింది.
ఏమీ తగల్లేదు కావచ్చు.
వేలు మాత్రం తెల్లగైంది.