బుధవారంలో డి

మండలం స్పెల్లింగ్ పోటీకి వంద మాటలు ఏరమన్నారు
హెడ్మాస్టరు గారు, ఎనిమిదో తరగతి గుంటలకి.
నేను సైన్సు చెప్పేవాణ్ణి.
ఇంగ్లీషు మేష్టారు డిప్యుటేషన్ మీద టెక్కలి వెళ్లి
రెండేళ్లయింది.

రాత్రి కరెంటు పోయాక
ఫోను లైటు వేసుకుని, డిక్షనరీ ముందు
బియ్యంలో రాళ్లేరేవాడిలా కూర్చున్నాను.
స్లెడ్జ్ తీసేశాను,
మంచు మీద బండి కవిటిలో ఎవరికి కావాలి.
సైక్లోన్ ఉంచాను.
దాని అర్థం చెప్పనక్కర్లేదు,
కూలిన కొబ్బరి మొదళ్లు ఇంకా తోటల్లో
కొట్టివేతల్లా అడ్డంగా పడున్నాయి.

రిథమ్ అని బోర్డు మీద రాస్తే
దండాసి లేచాడు:
"అచ్చు ఒక్కటీ నేదు, ఇదీ మాటేనేటండి మేష్టారూ?"
వాడికి ఇంకా జవాబు బాకీ ఉన్నాను.

పలకని అక్షరాలవి వేరే కాగితం.
నైఫ్‌కి ముందు కె, రిసీట్ మధ్యలో పి, థంబ్ చివర బి.
పలకనప్పుడు ఎందుకండి ఉంచడం, అని ఎవరో.
"పంచాయితీలో మా పెదనాన్న నేడేటి, వార్డు మెంబరు,
కుర్సీ ఉంటాది, నోరు నేదు"
దండాసే మళ్లీ.
క్లాసంతా నవ్వింది.
తామాడ ఢిల్లేశ్వరి నవ్వలేదు. రాసుకుంటోంది.

ఆ పిల్ల పేరుకి
స్కూలు రిజిస్టరులో డి తర్వాత హెచ్ ఉంది,
ఆధార్‌లో లేదు, రేషను కార్డులో ఎల్ ఒక్కటే.
నాన్న పేరులో ఒక ఎ ఎక్కువైందని
పింఛను నాలుగు నెలలు ఆగింది.
ఒక్క అక్షరం ఎంత బరువో
నేను చెప్పేదేముంది.

ఇంటి దగ్గర వాళ్లమ్మ జీడిపిక్కలు కొడుతూ అప్పగించుకుంటుంది.
చదవలేదు, లెక్కపెట్టగలదు:
అక్షరానికో పిక్క ఇవతలికి.
నెసెసరీకి తొమ్మిది ఉండాలి, తొమ్మిదీ వచ్చాయా, అయితే సరే.
కొన్ని తప్పులు అలా గట్టెక్కేశాయి,
వాటిని పట్టుకోవడానికి నాకు వారం పట్టింది.

చివరి రౌండుకని, ఎవరికీ రాదనుకుని
దాచిన మాట ఒకరోజు అడిగాను.
డయాలసిస్.
ఢిల్లేశ్వరి ఊపిరి తీసుకోకుండా చెప్పింది.
వెనక బెంచీ వాళ్లూ చెప్పారు.
సొంత పేరు తడబడే దండాసీ చెప్పాడు.
క్రియాటినిన్ కూడా వచ్చు.
రిపోర్టు కాగితాలు ఇంట్లో చదివిపెట్టేది వీళ్లే.

సాయంత్రం ఆ రెండు మాటలూ కొట్టేశాను.
ఏం, అన్నారు హెడ్మాస్టరు గారు.
మరీ సులువండి, అందరికీ వచ్చు.
ఆయన గ్లాసులో నీళ్ల వంక ఒకసారి చూసి
తాగారు.

తొంభై తొమ్మిదో మాట వెన్స్‌డే.
సగం మంది డి మింగేశారు.
"ఉంటాది మేష్టారూ, మాటాడదంతే" అంది ఢిల్లేశ్వరి.
అవును.
బుధవారం బుధవారం హాజరు పిలుస్తూ
తామాడ ఢిల్లేశ్వరి, అని చదువుతాను.
పేరు ఉంటుంది, పలకదు.
ఆ వేళకి పలాస బస్సులో నాన్న పక్కన
ఒళ్లో ఫైలు, చేతిలో మడిచిన కవరు,
ఆయనకి వాంతి వస్తుందేమోనని.

ఈవేళ పోటీ తేదీ వచ్చింది.
క్యాలెండరు చూశాను. బుధవారం.

ఒక్కరోజు జరపమని
ఎం.ఇ.ఒ. గారికి అర్జీ రాస్తున్నాను.
ఎందుకో రాయలేదు, రాస్తే పేజీ చాలదు.
గురువారం అని ఇంగ్లీషులో రాయబోతే
కలం ఆగింది.
యు ముందా, ఆర్ ముందా?
వంద మాటలు ఏరినవాణ్ణి!
డిక్షనరీ చేతికందే దూరంలోనే ఉంది.
తీయలేదు.
పొద్దున్న ప్రేయరు బెల్లు కొట్టకముందే
ఢిల్లేశ్వరిని అడుగుతాను.