తాళంచెవులు ఇచ్చే ముందు

కూర్చో సలోమీ,
ఆ స్టూలు కాదు, దానికి ఒక కాలు పొట్టి.
తాళాలు మూడు: షట్టరుది, బీరువాది,
మూడోది దేనిదో పదకొండేళ్ళుగా నాకూ తెలీదు.
పారేయకు.

కృష్ణలంకలో ఈ గదికి ఐదో తారీఖున అద్దె కట్టాలి.
ఆరో తారీఖున ఓనరు గారు
మన సేవను పొగడటం మొదలుపెడతారు.
ఆ పొగడ్తకి అర్థం అద్దె.

చక్రాల కుర్చీలు ఇరవై మూడు, మడత మంచాలు తొమ్మిది.
వాకర్లు నువ్వే లెక్కపెట్టుకో,
నేను లెక్కపెట్టిన ప్రతిసారీ ఒకటి తక్కువ.
గాలి పరుపులు రెండు, ఒకదానికి చిల్లి.
దాన్ని ఎవరికీ ఇవ్వకు, ఏదో ఒకటిలెండమ్మా అని బతిమాలినా సరే.
ఉచితం కదా, నాసిగా ఉన్నా పర్లేదనే మాట
ఈ షట్టరు దాటి లోపలికి రాకూడదు.

నగదు పుస్తకం ఏ రోజుది ఆ రోజే రాయి.
రేపు రాద్దామనుకున్న పది రూపాయలే
మార్చిలో ఆడిటరు ముందు పదివేలై నిలబడతాయి.
చెక్కు మీద రెండు సంతకాలు.
రెండోది పిచ్చయ్య మాస్టారిది; ఆయన చెయ్యి వణుకుతుంది,
బ్యాంకువాళ్ళు విసుక్కుంటారు.
అయినా ఖాళీ చెక్కు మీద ముందే పెట్టించుకోకు.
నిన్ను నమ్మక కాదు.
నన్ను నేను నమ్మని రోజు ఒకటి వచ్చింది.

మా ఆయన ఆపరేషన్ నాడు
ఆ బీరువాలో పద్దెనిమిది వేలున్నాయి,
ఎవరి సంతకమూ అక్కర్లేని డబ్బు.
దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో
మినిట్స్ పుస్తకంలో లేదు.
ఆ వారమే తీర్మానం రాయించాను,
గదిలో రెండువేలకు మించి ఉండకూడదని.
కారణం ఎవరూ అడగలేదు.

బీసెంట్ రోడ్డు బట్టల కొట్టాయన
కుర్చీ వీపున తన కొట్టు పేరు రాయమంటాడు. రాయించు,
పేరు బరువుకి చక్రం ఆగదు.
కూర్చున్నవాళ్ళ ఫోటో అడిగితే మాత్రం
ఖాళీ కుర్చీ ఫోటో పంపు.
అలిగి ఒక ఏడాది ఇవ్వలేదు కూడా.
తర్వాత వాళ్ళమ్మ కోసం తనే వచ్చి
రిజిస్టర్లో సంతకం పెట్టాడు.
పాత మాట నేనెత్తలేదు. నువ్వూ ఎత్తకు.

ఆదివారం కాలేజీ పిల్లలొస్తారు.
ఏం చేయమంటారు అంటే "ఏదైనా" అనకు.
ఒక పాతగుడ్డ, నూనె సీసా చేతిలో పెట్టి
ఇరుసు చూపించు.
పని దొరికినవాడు మళ్ళీ వస్తాడు,
ఉపన్యాసం దొరికినవాడు రాడు.

ఆటోనగర్ జిలానీ వెల్డింగుకి డబ్బు తీసుకోడు.
తీసుకుంటే ఎంతయ్యేదో అంతా రాసిపెట్టి
ఏడాది మీటింగులో పైకి చదువు.
తల వంచుకుని వింటాడు.
వినడానికే వస్తాడు.

ఇక అసలు పని.
ఇవ్వడం కాదు, అది ఎవరైనా చేస్తారు.
తిరిగి తెచ్చుకోవడం.

మనిషి పోయిన కబురు మనకి తొందరగానే తెలుస్తుంది.
పెద్దకర్మ అయ్యేదాకా ఆగు,
ఇక్కడ వరసలో ఎంతమంది ఉన్నా.
తర్వాత ఫోన్ చెయ్యకు, మనిషివి వెళ్ళు.
కుర్చీ అడగకు, మంచినీళ్ళు అడుగు.
తాగేలోపు వాళ్ళే తుడిచి తెచ్చి పెడతారు.

రాణిగారితోటలో ఒకావిడ మాత్రం ఇవ్వలేకపోయింది.
సీటు మీద పడిన గుంట చూపించి
"ఇది ఆయనదేనండీ" అంది.
రిజిస్టర్లో 'తిరిగి రాలేదు' అని రాయలేదు నేను,
'వాడుకలో ఉంది' అని రాశాను.
రోగి పోయాడు కదమ్మా అన్నాడు ఆడిటరు.
చెప్పాను.
పెన్నుకి మూత పెట్టేశాడు.
ఇది మాత్రం నా దగ్గర నేర్చుకోకు,
లేదా నేర్చుకో, నీ ఇష్టం.

దసరాలో కొండ ఎక్కేవాళ్ళు వాకర్లు అడుగుతారు.
రోగులకు సరిపోయాకే.

రేపట్నుంచి నేను రాను.
వచ్చానంటే ఈ మోకాళ్ళు తీసుకొచ్చాయని అర్థం.
అప్పుడు నన్ను ముందుకు పిలవకు,
వరసలోనే రాయి,
ఆధార్ జిరాక్స్ అడుగు.